వెయ్యి బీడీల లెక్క

మా మాస్టారి పేరున జరిగే సభలో మార్క్స్ గురించి మాట్లాడమంటే కాదనలేకపోయాను. కానీ ‘నేటి సమాజంలో మార్క్సిజం ప్రాసంగికత’ అన్న మాట వింటే నాకు జంకు. మార్క్స్ చెప్పిందంతా నిజమైందని ఒకరు, ఏదీ కాలేదని ఇంకొకరు. ఆ పంచాయితీ జోలికి నేను పోను. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఒక చిన్న అధ్యాయం చాలు నాకు. ఇంగ్లీషు ప్రతిలో అది 21వది. పీసు రేటు కూలి గురించి.

1867లో అచ్చయిన ఆ పుస్తకం పేరెత్తితే చాలామందికి ఫ్యాక్టరీ, పొగగొట్టం గుర్తొస్తాయి. ఈ అధ్యాయంలో ఉన్నది వేరే. సరుకుకింత అని కూలి కడితే పక్కన నిలబడి కాపలా కాసే మేస్త్రీ అక్కర్లేదు. పని ఎలా ఉందో సరుకే చెబుతుంది. బాగాలేదని కూలి కోయడానికీ అదే సాకు. ఎక్కువ గంటలు చేయడం కార్మికుడికే లాభమనిపిస్తుంది. మధ్యలో తినేవాడికీ చోటు దొరుకుతుంది.

ఇది చదవకముందే నాకు తెలుసు. నిజామాబాద్ వైపు మా వాడలో అమ్మ బీడీలు చుట్టేది. వెయ్యికింత కూలి. తెచ్చిన తునికాకులో చిల్లులాకు ఎక్కువుంటే లెక్క తగ్గేది, ఆ కొరత ఆకు తనే కొనుక్కునేది. కట్టలు అప్పగించేటప్పుడు మధ్యవర్తి టేకేదారు కొన్ని పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు, బీడీలూ తిరిగిరావు. ఇంట్లో ఆమెను అదిలించినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ వెయ్యి పూర్తయ్యేదాకా ఒళ్లోంచి చాట దిగేది కాదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో బిర్యానీ మోసుకెళ్లే కుర్రాడిని చూడండి. ఆర్డరుకింత. మేస్త్రీ బదులు ఫోను, టేకేదారు ఏరివేత బదులు రేటింగు. బండి తనది, పెట్రోలు తనది, వాయిదాలూ తనవే. ‘సొంత బండి ఉన్నవాడు కార్మికుడెలా అవుతాడు?’ అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అమ్మకూ కత్తెర సొంతమే మరి! ఆకూ తంబాకూ ఎవరి చేతిలో ఉన్నాయన్నది అప్పటి ప్రశ్న. ఆర్డర్లు పంచే యాప్ ఎవరిదన్నది ఇప్పటిది.

‘నాకు బాసు లేడు’ అని ఆ కుర్రాడంటే అబద్ధమాడుతున్నాడని నేననను. పీసు రేటులో స్వేచ్ఛాభావం పెరుగుతుందని మార్క్సే రాశాడు. చురుకైనవాడు పదిమందికంటే ఎక్కువ తెచ్చుకుంటాడు, ఆ పోటీలో అందరి సగటూ కిందికి జారుతుంది అన్నాడు.

ఒకచోట మాత్రం ఆ పుస్తకం మనకు సాయపడదు. ఒకే కప్పు కింద వేలమంది చేరితే సంఘం పుడుతుందన్న ఆశ ఇక్కడ పారదు. బీడీ కార్ఖానా గుమ్మం దగ్గరైనా ఆడవాళ్లు కలిసి టేకేదారును తిట్టుకునేవారు. ఈ పిల్లలకు హోటలు మెట్లే దిక్కు. 2020-21లో దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షలని, 2029-30కల్లా 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వీళ్లకోసం రాష్ట్ర స్థాయిలో మొదటి చట్టం రాజస్థాన్‌లో వచ్చింది, 2023లో.

2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. ప్రయాణికుడు బండిలో ఉన్నప్పుడే పని అన్నది కంపెనీ వాదన. కాదు, తన ప్రాంతంలో యాప్ తెరిచి పిలుపుకు సిద్ధంగా ఉన్న సమయమంతా పనే అంది కోర్టు. ఆ వార్త చదివిన రోజు, కట్టలు ఒళ్లో పెట్టుకుని టేకేదారు అరుగు మీద వరుసలో కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. ఆ పూటలు ఎవరి లెక్కలోనూ లేవు.