ముఖమొక్కటే గుర్తు కాదు
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేండ్ల పండుగకు పాత విద్యార్థులు తరలివచ్చినప్పుడు ప్రతి వరండాలోను వినిపించే ప్రశ్న ఒకటి ఉన్నది: "టీచర్, నేనెవరో గుర్తుపట్టారా?" ఆప్యాయతతో అడిగే ప్రశ్నే అది. కాని కొందరికి అది కఠినమైన పరీక్ష. నిన్న కూర్చుండి మాట్లాడిన మనిషి ముఖాన్ని నేడు పోల్చుకోలేని వారు మన మధ్యనే ఉన్నారు. వారి చూపు బాగానే ఉన్నది. బుద్ధికి లోటు లేదు. ఎదుటివారిపై ప్రేమ తగ్గలేదు. ముఖం చూచి మనిషిని ఎరుగుట అనే ఒక్క శక్తి మాత్రమే వారికి లోపించింది.

దీనిని ముఖాంధత అనవచ్చు. 1947లో జర్మన్ వైద్యుడు యోఆఖిం బోడమర్, తలకు గాయాలైన వారిలో ఈ లోపాన్ని గమనించి, 'ప్రోసోపాగ్నోసియా' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'ప్రోసోపాన్' అంటే ముఖం, 'అగ్నోసియా' అంటే ఎరుక లేకపోవడం. మెదడు అడుగు భాగాన, ముఖ్యంగా కుడివైపున, ముఖాలు చూచినప్పుడు ప్రత్యేకంగా స్పందించే చిన్న ప్రాంతాన్ని 1997లో నాన్సీ కాన్విషర్, ఆమె సహచరులు వివరించారు. పక్షవాతం వల్లగాని, దెబ్బ వల్లగాని మెదడులో ముఖాలను గుర్తించే ఈ భాగాలు దెబ్బతింటే ముఖాంధత కలుగవచ్చు. ఏ గాయమూ లేకుండ పుట్టుకతోనే వచ్చేది ఇంకొక రకం. అది కొన్ని కుటుంబాలలో పలువురికి ఉంటుంది. నూటికి ఇద్దరి దాకా ఇటువంటివారు ఉండవచ్చునని కొన్ని అంచనాలు చెబుతున్నవి.

పుట్టుకతో ఈ లోపం ఉన్న బిడ్డకు తన లోపం తనకే తెలియదు. లోకమంతా తనవలెనే చూస్తుందని అనుకుంటాడు. ఆదివారం ఇరుక్కన్‌గుడి మారియమ్మ కోవెలలో ఉపాధ్యాయిని ఎదురైతే నమస్కరించక దాటిపోతాడు. "ఎంత గర్వం!" అంటారు చూచినవారు. కోవిల్‌పట్టి బస్‌స్టాండులో తల్లి కొత్త చీర కట్టుకొని నిలిస్తే, ఆమె నోరు తెరచి పిలిచేదాకా దగ్గరకు రాడు. "మందమతి" అంటారు బంధువులు. గర్వమూ కాదు, మందత్వమూ కాదు. తెలియక వేసిన ఈ రెండు ముద్రలు ఒక బాల్యాన్ని ఒంటరిని చేయగలవు. ఈ విషయం సభకు తీసుకురావడానికి కారణం అదే.

అతని చూపు ఎటువంటిదో తెలుసుకొనడానికి మన శివకాశి క్యాలెండరు చాలు. ఆడి పద్దెనిమిది నాడు కొత్త ఆల్బములు వెలువడే ఊరు ఇది. ఆ పటాలలో లక్ష్మీ సరస్వతుల ముఖాలు ఇంచుమించు ఒక్క తీరుగానే ఉంటవి. వీణ ఉన్నది కనుక సరస్వతి, తామరలు ఉన్నవి కనుక లక్ష్మి. వేలాయుధము, నెమలి కనబడితే మురుగన్. పిల్లనగ్రోవి కనబడితే కృష్ణుడు. ఆ గుర్తులన్నీ తీసివేసి ముఖాలను మాత్రమే కత్తిరించి చూపితే మనమూ తడబడతాము. ముఖాంధత గలవారికి లోకమంతా అటువంటి క్యాలెండరే. నడక, గొంతు, జుట్టు, కళ్ళజోడు, సంచి రంగు, ఇవే వారికి వీణలు, నెమళ్ళు.

మరి బడిలో ఏమి జరుగుతుంది? అందరికీ ఒకే యూనిఫారం, ఒకే రిబ్బను, నూనె రాసి వేసిన ఒకే తీరు రెండు జడలు. సమానత్వం కొరకు మనము చేసిన ఏర్పాటే ఆ బిడ్డకు ఉన్న ఆధారాలను తీసివేస్తున్నది.

మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ సందర్భంలో స్మరింపదగినది. స్వయంవర సభలో ఇంద్రాగ్ని వరుణ యములు నలుని రూపమే ధరించి కూర్చుండగా దమయంతికి అయిదుగురు నలులు కనిపించారు. ముఖం చూచి నిర్ణయించుట అసాధ్యమైనది. ఆమె ప్రార్థింపగా దేవతలు కరుణించి తమ చిహ్నాలను బయటపెట్టారు. రెప్పవేయని కన్నులు, చెమట పట్టని మేను, వాడని పూలదండ, నేలను తాకని పాదాలు దేవతలవి. నీడ గలవాడు, దండ వాడినవాడు నలుడు. దమయంతి ప్రేమను ఎవరూ శంకింపలేదు. మరొక్క విషయం: అక్కడ గుర్తు చూపినది ఎదుట కూర్చున్నవారు. పోల్చుకొనే భారం చూచేవారిది మాత్రమే కాదు, కనిపించేవారిది కూడ.

మనము చూపవలసిన గుర్తు చాలా చిన్నది: పేరు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగేటప్పుడు విద్యార్థి పేరు పలికితే, మాట్లాడుతున్నది ఎవరో ఆ బిడ్డకు తెలుస్తుంది. తరగతిలో స్థానాలు తరచు మార్చకుండ ఉంటే మేలు. బడి వదిలిన తరువాత తల్లిదండ్రులు ప్రతిదినం ఒకే చోట నిలబడి, దూరం నుండే పిలవాలి. అనుమానం కలిగితే ముందు కంటి పరీక్ష చేయించి, ఆపై నరాల వైద్యుని సంప్రదించాలి. ముఖాంధతను నయం చేసే మందు నేటికీ లేదు. అయితే పెద్దవారిలో ఈ లోపం అకస్మాత్తుగా కనబడితే అది పక్షవాత సూచన కావచ్చును. క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ లోపం జీవితానికి అడ్డుగోడ కాదు. 2015లో కన్నుమూసిన వైద్య రచయిత ఆలివర్ శాక్స్‌కు ఇది ఉన్నది. ఆయన అన్నకూ ఉన్నది. అద్దంలోని తన ముఖాన్నే పోల్చుకోలేని సందర్భాలున్నవని ఆయన వ్రాశారు. చింపాంజీల జీవితాన్ని దశాబ్దాలపాటు పరిశీలించి 2025లో మరణించిన జేన్ గూడాల్ కూడ ఈ ఇబ్బంది తనకున్నదని చెప్పినవారే.

ఈ సీమ తెలుగువారికి ముఖం లేని ఎరుక కొత్త కాదు. తెలుగు నేల నుండి ఇటు వలస వచ్చినవారి కథను ఇడైసేవల్‌వాసి కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా వ్రాశారు. అన్ని తరాలు గడచినా, విరుదునగర్ అంగడి సందడిలో వెనుకనుండి ఒక్క తెలుగు మాట వినబడితే, ముఖం చూడకముందే "మనవాళ్ళు" అని మనసు చెబుతుంది. మాటకు అంతటి బలమున్నది.

కనుక ఈ ఉత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. "గుర్తుపట్టారా?" అని అడగక ముందే పేరు, చదివిన సంవత్సరం చెప్పండి. సంచికలో అచ్చువేయు ప్రతి పాత ఫోటో క్రింద, నిలబడినవారు, కూర్చున్నవారు, ఎడమనుండి కుడికి, అందరి పేర్లు చేర్చండి. వయసు మీరిన గురువులకు, ముఖాలు అంతుపట్టని చిన్నవారికి అది సమానంగా ఉపకరిస్తుంది. పేరు చెప్పినవారికి పోయేది ఏమీ లేదు. విన్నవారికి ఒక మనిషి దొరుకుతాడు.

స్వస్తి.