పేక పంచే పెట్టె
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి ముందు వక్తలు చెప్పేశారు. నేను పేకాట గురించి మాట్లాడతాను. నవ్వకండి. మేం డబ్బులు పెట్టి ఆడం. రమ్మీలో నేర్పే ప్రధానమని 1967లో సుప్రీంకోర్టు చెప్పిందని మా ఇంట్లో ఎన్నోసార్లు మనవి చేసుకున్నాను. ఫలితం మాత్రం శూన్యం.

మా నలుగురిలో ఒకాయనకు చేతుల వణుకు మొదలైంది. పంచే వంతు వస్తే ముక్కలు కింద పడేవి, తిరగబడేవి. ఒకరోజు మాలో ఒకరు, "ఇటివ్వండి, నేను పంచుతాను" అన్నారు. మంచికే అన్నారు. మరునాటినుంచి ఆయన రావడం మానేశారు.

నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఫైళ్లు కుట్టినవాణ్ణి, యంత్రాలు నాకేం తెలుసు? అయితే అమెరికాలో గడియారాల కంపెనీ నడిపిన లారెన్స్ హేమండ్ 1932లోనే పేక కలిపి పంచే కరెంటు బల్ల తయారుచేశాడని చదివాను. తర్వాత హేమండ్ ఆర్గాన్‌తో పేరుపొందింది ఆయనే. సరే, బల్ల వద్దు, పెట్టె చాలనుకున్నాను.

పాత టేప్‌రికార్డరు మోటారు, రబ్బరు చక్రం, చెక్క పెట్టె. చక్రం అడుగు ముక్కను ముందుకు లాగాలి. ముందున్న సందు ఒక ముక్కకు పట్టాలి, రెండింటికి పట్టకూడదు. చెప్పడానికి ఇంతే. ముక్క మందం మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. సందు బిగిస్తే రాదు, వదులైతే జంటగా వస్తాయి. పైగా మన ఉక్క! 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారాం గాని గూడూరు ఉక్క మారలేదు. అట్టముక్కలు చెమటకు అతుక్కుపోయేవి. ప్లాస్టిక్ పేక కొన్నాక ఆ బాధ తీరింది. కట్ట తరిగేకొద్దీ బరువు చాలక చక్రం జారేది. పైన వందగ్రాముల తూనికరాయి పెట్టాను. అది మా ఆవిడ ఇచ్చిన సలహా.

కలపడం కూడా మిషనే చేయాలా అని మా మనవడు అడిగాడు. వద్దన్నాను. రెండు కట్టలూ తువ్వాలుమీద పోసి అరచేతులతో కలియబెడితే చాలు. వణికే చేతులకు ఆ పని ఇంకా బాగా వస్తుంది. పెట్టెను ఒక్కొక్కరి వైపు తిప్పి కాలింగ్ బెల్ స్విచ్చి నొక్కేదీ ఆయనే. నలుగురికి పదమూడేసి, యాభైరెండు నొక్కులు. కాబట్టి పంచింది ఆయనే, పెట్టె కాదు.

ఆయన ఇంటికే మోసుకెళ్లాను. స్విచ్చి నొక్కగానే పెట్టె గడగడలాడింది. ఆయన కాసేపు చూసి, "ఏమయ్యా, ఇది నాకంటే ఎక్కువ వణుకుతోందే!" అన్నారు. తువ్వాలు తెమ్మని కోడలికి కేక వేశారు.

మొదటి ఆట ఆయనే షో చేశారు. పెట్టెలో మోసముందని మిగతా ఇద్దరూ ఇప్పటికీ అంటున్నారు.