పాత చీరలు, పడ్డదూడ, వేసవి సెలవులు

(ఆర్మూరు ప్రాంత పాల సంఘాల మహిళా సభ్యుల సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



వేసవిలో ఇంటి పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను చదువుకున్నది ఐదో తరగతి. మైకు ముందు మాట్లాడటం ఇదే మొదలు. తప్పులుంటే మీలో మీరు నవ్వుకోండి గాని, పైకి నవ్వకండి.

మన ప్రాంతం సంగతి మీకు చెప్పనక్కరలేదు. పసుపు డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. జూన్‌లో కొమ్ము నాటితే జనవరి దాటాక తవ్వుతాం. ఉడకబెట్టాలి, పదిహేను రోజులు ఎండబెట్టాలి, డోలులో తిప్పి మెరుగు పెట్టించాలి, అప్పుడు నిజామాబాదు యార్డుకు తోలాలి. అక్కడ ధర ఎంత పలుకుతుందో యార్డు గేటు దాటేదాకా ఎవరికీ తెలియదు. ఆ ధర గురించే 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీకి నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది పసుపు, ఎర్రజొన్న పండించే రైతులే. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో మొదలయింది. సంతోషమే. కాని ఇంట్లో ఉప్పు, పప్పు, పిల్లల నోటుబుక్కు నడిచేది పదిహేను రోజులకొకసారి చేతికి వచ్చే పాల బిల్లు మీదనే.

ఆ బిల్లు ఎండాకాలంలో చిక్కిపోతుంది. ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో బర్రె మేత తినదు, నీడ వెతుక్కుంటుంది, పాలు తగ్గిస్తుంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు సెలవులు వస్తాయి. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా మనుమలు, మనుమరాండ్లు ఇంటి నిండా ఉంటారు. రాబడి తగ్గే నెలలోనే ఖర్చు పెరుగుతుంది. ఈ లెక్క ఎవరు పెట్టారో గాని ఆడవాళ్ళను అడిగి పెట్టలేదు.

పోయిన ఏడాది మా ఇంటి సంగతి చెబుతాను. రెండు బర్రెలు కలిసి రోజుకు 9 లీటర్లు ఇచ్చేవి, మే నెలకు 5 లీటర్లకు దిగాయి. కొడుకు దుబాయిలో ఉన్నాడు. అతనికి రెండు నెలలు జీతం ఆలస్యమయింది. కోడలు బీడీలు చేస్తుంది, అప్పుడు పని కూడా తక్కువగా ఉంది. హైదరాబాదు నుంచి బిడ్డ తన కొడుకును దింపిపోయింది, వాడికి పన్నెండేళ్ళు. ఇంట్లో కొడుకు బిడ్డ ఉన్నది, దానికి తొమ్మిదేళ్ళు. జూన్ మొదట్లో దాని బడి ఫీజు, బట్టలు, పుస్తకాలు కలిపి 14,000 రూపాయలు కావాలి.

అప్పుడే పడ్డదూడ కోసం బేరగాడు వచ్చాడు. మా ఇంట్లో పుట్టిన దూడ. 22,000 అన్నాడు. మా ఆయన సరేననే మనసుతో ఉన్నాడు. ఇంకో ఏడాది ఆగితే చూడి కట్టి మూడో బర్రె అయ్యేదాన్ని, ఒక నెల ఇబ్బందికి అమ్మడమా అని నాకు కడుపులో దేవినట్టయింది. వారం రోజులు గడువు అడిగాను.

ఆ రాత్రి మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, అంతకుముందు వేసవిలో ఏమేం కొన్నామో రాయించాను. చలికాలం వస్తుందని ముందే కొన్న మూడు దుప్పట్లు, నవారు తెగిందని కొన్న కొత్త మంచం, కొట్టం పడమటి వైపు కట్టిన నీడ పట్టా, కూల్‌డ్రింకుల సీసాలు, ఇంటికి వచ్చి పోయే పిల్లలకు బట్టలు. కూడితే 8,600 అయింది. బుడ్డది వేళ్ళు మడిచి లెక్క చెప్పి, "నాయనమ్మా, మనం ఇంత తాగినమా?" అని కూల్‌డ్రింకుల దగ్గర ఆగింది. నాకు మాట రాలేదు.

ఇక ఒక్కొక్కటే పట్టుకున్నాం.

మొదటిది దుప్పట్లు. పెట్టెలో నా పాత నూలు చీరలు పదకొండు ఉన్నాయి. కట్టుకుంటే చిరుగుతాయి, పారేయడానికి మనసు రాదు. బొంత కుట్టడం మీలో పెద్దవాళ్ళకు వచ్చు, చిన్నవాళ్ళ కోసం చెబుతాను. చీరలను ముందు గంజి పోయేదాకా ఉతికి, గట్టిగా ఎండబెట్టాలి. బాగా చివికినవి లోపలికి, కొంచెం గట్టివి పైకి, కిందికి పెట్టాలి. ఐదు పొరలు చాలు. ఆరు దాటితే సూది దిగదు, ఉతికితే ఆరదు. గచ్చు మీద పరిచి, ముడతలు లేకుండా నాలుగు మూలలకు రాళ్ళు పెట్టి, ముందు పెద్ద పెద్ద కుట్లతో అంచులు పట్టించాలి. తరువాత రెండు పోగుల దారంతో అంచు నుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ రావాలి. మధ్య నుంచి మొదలుపెడితే బట్ట అంచుకు జరిగి ఉబ్బుతుంది. మొదటి బొంత నేను అలాగే పాడుచేశాను, నలభై ఏళ్ళ క్రితం, మా అత్త దాన్ని చూసి మొత్తం విప్పించింది.

నా కళ్ళకు సూదిలో దారం ఎక్కదు. ఆ పని మనుమడికి ఇచ్చాను. పది సూదులు తెచ్చి వరసగా దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేవాడు. రెండు రోజులకు వాడికి విసుగు పుట్టి, "నేను కుడతా అమ్మమ్మా" అన్నాడు. మా ఆయన పక్క నుంచి "మగపిల్లాడికి సూదెందుకు" అన్నాడు. ఆ వారంలోనే కొడుకు ఫోన్ చేశాడు. వీడియోలో వీడు కుట్టడం చూసి నవ్వి, "అక్కడ మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం, గుండీ ఊడితే కుట్టడానికి ఒక్కడికి రాకపోయేది, ఆరు నెలలకు నేనే నేర్చుకున్నా, నువ్వు నాకు నేర్పలేదేందమ్మా" అన్నాడు. మా ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మన ఇళ్ళలో మగపిల్లలు సగంమంది దుబాయో మస్కటో హైదరాబాదు హాస్టలో పోయేవాళ్ళే. గుండీ కుట్టడం, చిరుగుకు మాసిక వేయడం వాళ్ళకు ఎందుకు నేర్పమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడు బొంతలయ్యాయి. మూడోదానిలో వాడి కుట్లు వంకర వంకరగా ఉంటాయి. వాడు పోతూ అదే పట్టుకుపోయాడు.

మంచానికి నవారు ఒక్కచోటనే తెగింది. దబ్బనంతో, పురికొసతో జోడు కుట్టు వేశాం. తాత ఒకవైపు లాగితే పిల్లలు ఒకవైపు లాగారు, మంచం కన్నా నవ్వులే ఎక్కువ బిగిశాయి.

కొట్టం సంగతి మనకు ముఖ్యం. దాణా సంచులు ప్లాస్టిక్‌వి, పసుపు గోనెలు జనపనారవి. రెండిటినీ ఒకే పనికి వాడితే లాభం లేదు. ప్లాస్టిక్ సంచులను విప్పి, జోడించి కుట్టి పడమటి ఎండకు తెరగా కట్టాం. కాని అది గాలిని కూడా ఆపుతుంది, పొద్దుగూకగానే చుట్టి పైకి కట్టాలి, లేకుంటే బర్రె రాత్రంతా ఉక్కకు రొప్పుతుంది. గాలి వచ్చే వైపు గోనెల తెర కట్టి మధ్యాహ్నం నీళ్ళు చల్లాం. నీళ్ళు చల్లే పనికి పిల్లలను పిలవనక్కరలేదు, వాళ్ళే వస్తారు, బర్రె కన్నా వాళ్ళే ఎక్కువ తడుస్తారు. తొట్టిలో చల్లటి నీళ్ళు ఎప్పుడూ ఉండేట్టు చూడటం కూడా మనుమరాలి పనే. అయితే ఒక మాట. పురుగుమందు సంచులు, డబ్బాలు ఎంత కొత్తగా కనబడినా ఇంట్లోకి, కొట్టంలోకి రానివ్వకండి. కడిగినా వద్దు.

కూల్‌డ్రింకు బదులు పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర వేసిన చల్ల. మొదటి మూడు రోజులు మనుమడు మూతి ముడిచాడు. నాలుగో రోజు నుంచి కుండలోది తానే ముంచుకున్నాడు. కుండ కింద తడి ఇసుక, చుట్టూ తడి బట్ట ఉంటే ఫ్రిజ్జు అడగరు. అయినా వారానికొకసారి ఐస్ బండి ఆపి కొనిపెట్టాను. పిల్లలు సెలవులకు వచ్చి మన పిసినారితనం కథలు పట్టుకుపోకూడదు కదా.

ఇంకొకటి మన పసుపు ఊళ్ళ పిల్లలకే దొరికే ఆట. పసుపు మరక పడిన గౌనును సబ్బుతో రుద్దితే ఎర్రబడుతుంది, పాడయిందని మనం పక్కన పడేస్తాం. అది పాడవలేదు. సబ్బులో ఉన్న క్షారానికి పసుపు అలా రంగు మారుతుంది, సున్నం కలిపి పారాణి చేసుకున్నట్టే. బాగా జాడించి, తడిగా ఉండగానే మిట్టమధ్యాహ్నం ఎండలో పరచండి. పసుపు రంగు ఎండకు ఆగదు, రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. మనుమరాలి తెల్లగౌను రెండు అలా బతికాయి. పిల్లలు తెల్ల కాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టి ముక్కలు చేసుకున్నారు. సున్నం తగిలిస్తే ఎరుపు, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. ఒకరోజు మనుమడు ఆ ముక్కను నేను సోడా వేసి కడిగిన పాలక్యానులో తడి ఉన్నచోట అద్దాడు. ఎర్రబడింది. నేను సరిగా జాడించలేదన్నమాట. సిగ్గేసింది గాని, మళ్ళీ రెండుసార్లు మంచినీళ్ళతో కడిగాను. పాలలో ఏ కల్తీ ఉందో ఈ కాగితం చెప్పదు, సోడా బాగా మిగిలితే మాత్రం పట్టిస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. దీన్ని దాచిపెట్టి మిగతావి చెబితే మీకు అన్యాయం చేసినట్టు.

మా కూలరు ఇనుప డబ్బాది. దాని వైరును ఎలుక కొరికింది. కరెంటు పని చేసే అతన్ని పిలిస్తే మూడు నాలుగు వందలు అడుగుతాడని, బాగుచేసే ఊపులో ఉన్నాను కదా, నేనే గుడ్డపేలిక చుట్టి పైన ప్లాస్టిక్ కవరు కట్టాను. రెండో రోజు మధ్యాహ్నం మనుమరాలు చెంబుతో కూలర్లో నీళ్ళు పోస్తూ తడిచేత్తో డబ్బాను ముట్టుకుంది. ఒక్క కేక. అదృష్టం కొద్దీ విసిరి అవతల పడింది. మా ఆయన పరుగెత్తి స్విచ్చు ఆర్పాడు. ఆటోలో ఆసుపత్రికి పోయాం. సాయంత్రం దాకా ఉంచుకుని, భయం లేదని పంపారు. ఆ సాయంత్రం దాకా నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. నాలుగు వందలు మిగిల్చి ఏం చేసుకుందును?

అందుకని చెబుతున్నాను. గుడ్డకు, గోనెకు, మంచానికి మాసిక వేయండి. కరెంటుకు వేయకండి. కూలర్లో నీళ్ళు పోసేముందు స్విచ్చు ఆర్పి, ప్లగ్గు కూడా పీకేయాలి. మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, ఇంటికి ఎర్తు ఉన్నదో లేదో తెలిసినవాళ్ళతో చూపించుకోవాలి. కూలరు ఉన్న గదిలో పిల్లలు ఒట్టికాళ్ళతో తిరగకూడదు. అలాగే పగులు పడిన పాలక్యానుకు మైనం, లప్పం పెట్టి వాడకండి. ఆ సందులో పాలు నిలిచి పులుస్తాయి, మీ ఒక్కరి క్యాను అందరి పాలనూ చెడగొడుతుంది. పాలు వడకట్టే గుడ్డ కూడా అంతే. చీర చెంగు పనికిరాదు. తెల్లటి నూలుగుడ్డ వేరుగా పెట్టుకుని, రోజూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. అది చిరిగితే బొంతలో వేయండి, కుట్టి మళ్ళీ పాలకు వాడకండి.

లెక్క ఏమయిందని అడుగుతారు. ఆ వేసవిలో కొనకుండా ఆపినవి 7,000 పైనే. ఆసుపత్రికి, ఆటోకు, కొత్త వైరుకు 1,900 పోయాయి. మిగిలినదానికి పాల బిల్లు కలిపినా 14,000 నిండలేదు. బడికి పోయి ఫీజు రెండు విడతలుగా కడతానని అడిగాను, ఒప్పుకున్నారు. అడగటానికి నాకు బడి గేటు దగ్గర అరగంట పట్టింది. వారం గడువు తీరిన రోజు బేరగాడు వస్తే మా ఆయనే బయటకు పోయి, దూడను అమ్మడం లేదని చెప్పాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు. ఆయన తీరు అంతే.

ఆ పడ్డ ఇప్పుడు ఐదు నెలల చూడితో ఉన్నది. డాక్టరుగారు వచ్చి చూసి చెప్పారు.

ఈ ఏడు సెలవులకు మనుమడు మళ్ళీ వస్తున్నాడు. తెల్లవారుజామున ఎండ రాకముందే సిద్ధులగుట్ట ఎక్కుదామని, తిరిగి వచ్చాక ఆ వంకర కుట్ల బొంతను సరిచేద్దామని ఫోనులో చెప్పాడు. నేను సరిచేయనివ్వను గాని, ఆ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

వచ్చే ఆదివారం పొద్దుటి పాలు పోసినాక సంఘం వరండాలోనే బొంత కుట్టు చూపిస్తాను. కార్యదర్శిగారిని అడిగాను, చాప పరిపిస్తామన్నారు. ఐదు పాత నూలు చీరలు ఉతికి తెచ్చుకోండి. పాలిస్టరువి తేకండి, జారిపోతాయి. సూదులు నేను తెస్తాను. దారం ఎక్కించడానికి మీ మనుమలను వెంట తీసుకురండి.