బొమ్మల కథలలో ధర్మం, దౌర్జన్యం



చరిత్ర బోధించేవాడిని గనుక శాసనాల గురించి మాట్లాడతానని మీరు ఊహించి ఉంటారు. నేడు బొమ్మల గురించి మాట్లాడదలచాను. నమ్మినదాని కోసం దెబ్బలు తిన్నవారి కథను బొమ్మలలో ఎలా చెప్పాలన్నదే నా విషయం.

అమరావతి స్తూపానికి చెందిన ఒక వృత్తాకార శిల్పం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉంది. దేవదత్తుని కుట్ర ఫలితంగా రాజగృహ వీధిలో నాళాగిరి అనే మదపుటేనుగును బుద్ధుని మీదికి వదిలిన ఘట్టమది. ఒకే వలయంలో ఆ ఏనుగు రెండు మార్లు కనిపిస్తుంది. ఒకవైపు మనిషిని తొండంతో పట్టి ఈడుస్తూ దూసుకొస్తుంది. మరొకవైపు బుద్ధుని ఎదుట మోకరిల్లుతుంది. రెండింటికీ నడుమ అడ్డుగీత లేదు. పారిపోతున్నవారికి, బెదిరినవారికి, పైనుంచి తొంగిచూస్తున్నవారికి శిల్పి ఎంత చోటు కేటాయించాడో గమనించండి. జనం భయాన్ని అతడు దాచలేదు. ఆ భయం కనబడకపోతే, కదలకుండా నిలిచినవాని విలువ మనకు తెలియదు.

రెండవది క్షాంతివాది జాతకం. కాశీరాజు కలాబు మత్తులో ఉద్యానవనంలో నిదురపోతాడు. అంతఃపుర స్త్రీలు వెళ్లి ఒక తాపసి బోధ వింటూ కూర్చుంటారు. మేలుకొన్న రాజు ఆగ్రహంతో వచ్చి, నీవేమి బోధిస్తావని అడుగుతాడు. ఓర్పును బోధిస్తానంటాడు తాపసి. కొరడా దెబ్బలతో మొదలై, చేతులు, కాళ్లు, ముక్కుచెవులు నరికించే వరకు ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. జవాబు మాత్రం మారదు. అజంతా 2వ గుహలోని చిత్రకారులు ఈ కథకు సంబంధించిన ఆర్యశూరుని జాతకమాల శ్లోకాలను చిత్రాలతోపాటు గోడపై రాసి ఉంచారు. బొమ్మా మాటా ఒకే చోట నడిచే పద్ధతి మనకు కామిక్ పుస్తకాలతో వచ్చింది కాదన్నమాట.

అయితే ఈ కథను మన పిల్లలకు చెప్పాలంటే నాకు కొంత జంకు. తరతరాలుగా ఓర్చుకోమని చెప్పించుకున్న జాతికి మళ్లీ ఓర్పే బోధించాలా? కథను జాగ్రత్తగా చదివితే జవాబు అందులోనే ఉంది. తాపసి మౌనం వహించలేదు. అడిగిన ప్రతిసారీ తన సిద్ధాంతాన్ని చెబుతూనే ఉన్నాడు. శరీరం రాజు చేతిలో ఉంది, మాట లేదు. చిత్రకారుడు తెగిన అవయవాలను గీసి ఆపేస్తే అది జాలికథ అవుతుంది; తెరచి ఉన్న నోటిని కూడా గీస్తేనే ధర్మకథ అవుతుంది.

ఈ వివేకం నాకు ఈ కాలపు పుస్తకమొకదానిలో స్పష్టంగా కనిపించింది. అది 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన'. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ కథనం కూర్చగా, ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మామూలు కామిక్కులలోని గళ్లు ఇందులో లేవు. మనుషులను పెట్టెలలో బంధించే కుల వ్యవస్థను చెప్పే పుస్తకానికి ఇది తగిన పద్ధతే. మృదువైన మాటల బుడగలు పక్షి ఆకారంలో ఉంటాయి. విషం కక్కే మాటల బుడగలకు తేలుకొండి ఉంటుంది. చదువురాని అవ్వ సైతం ఎవరి మాట కుడుతున్నదో చూపించగలదు.

1901లో బాలుడైన బాబాసాహెబ్ తండ్రి దగ్గరకు గోరేగావ్ బయలుదేరిన కథ మీకు తెలుసు. మహార్ పిల్లలని తెలియగానే బండివాళ్లు నిరాకరించారు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవలసి వచ్చింది. బండివాడు పక్కన నడిచాడు. వెంట అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు, అందుచేత ఆ రాత్రి తినలేకపోయారు. ఒక్క మూత మూసిన అన్నపు గిన్నెను గీస్తే చాలు, ఎన్నో పుటల వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇది కులహింస కదా, మతహింస ఎలా అవుతుందని కొందరు మిత్రులు అడుగుతారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో ధమ్మదీక్ష తీసుకొన్నవారికి ఆ రెండూ వేరు కాలేదు. కొత్త ధర్మాన్ని స్వీకరించినందుకు కేంద్ర ప్రభుత్వ దృష్టిలో వారు షెడ్యూల్డు కులాల హోదాను కోల్పోయారు. అది బౌద్ధులకు తిరిగి వర్తించింది 1990లో. 34 సంవత్సరాలు! ఇక్కడ ఏనుగు లేదు, కొరడా లేదు. ఒక దరఖాస్తు, అందులో మతం అనే గడి, దాని మీద ఆగిన కలం. బుద్ధుడని రాస్తే కొడుకు ఉద్యోగ అవకాశం పోతుంది. రాయకపోతే చేసిన ప్రతిజ్ఞ పోతుంది. ఈ సందిగ్ధంలో ఎవరేమి రాసినా నేను తప్పుపట్టను.

కత్తి లేని ఈ దౌర్జన్యాన్ని బొమ్మలలో చెప్పడం క్షాంతివాదిని గీయడం కన్న కష్టం. అయినా ఈ సంఘం ఆ పని చేపట్టాలని కోరుతున్నాను. అందుకు ముందు ఇంటింటా ట్రంకుపెట్టెలలో ఉన్న పాత ధ్రువపత్రాలు, దీక్షనాటి ఫొటోలు సేకరించాలి. పెద్దలు బతికుండగానే వాటి వెనుక కథలు రాసుకోవాలి. మా కళాశాలలో బొమ్మలు వేయగల పిల్లలున్నారు. ఆదివారాలు వారిని వెంటబెట్టుకొని మీ ఇళ్లకు వస్తాను.