అప్పుకు వారసురాలు



రైతుల ఆత్మహత్యల గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలల్లో ఎంత మందు కొట్టినా లద్దెపురుగు చావక, ఆ మందే రైతులు తాగిన నాటి నుంచీ మాట్లాడుతున్నాం. చనిపోయిన రైతు గురించి, కొంత ఆలస్యంగానైనా అతని భార్య గురించి. ఆ ఇంట్లో మిగిలిన ఆడపిల్ల మాత్రం మన చర్చల్లోకి రాలేదు.

ఆ ప్రాంతంలోనే నేను కలిసిన ఒకమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా తండ్రి పోయాడు. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. విత్తనాలూ ఎరువులూ మందులూ అరువిచ్చిన దుకాణదారుకే పత్తి పోయాలి. తూకం అతనిదే, ధరా అతనిదే. దినాలు కాకముందే అప్పులవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. ఇంట్లో కాగితాలు చదవగలిగింది ఆ పిల్లే గనక ఎవరికెంత బాకీయో నోటుబుక్కులో రాసింది. "అమ్మను అందరు ఓదార్చిండ్రు. నేను లెక్కలు రాస్తున్న గద, నాకు ఏడ్పు లేదనుకున్నరు" అంది.

ఊళ్లో దీన్ని ధైర్యం అన్నారు. నాకా మాట నచ్చదు. ఏడ్చే తీరిక కూడా ఇవ్వకుండా పెద్దరికం నెత్తిన పెట్టి, దానికి మెచ్చుకోలా?

2004 జూన్‌లో వచ్చిన 421 జీవో లక్షన్నర పరిహారమంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఆరు లక్షలు చేసింది. అయితే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు పత్రాలు అన్నీ డివిజన్ కమిటీ ముందు రుజువు కావాలి. నోటిమాట కౌలుకు కాగితమెక్కడిది? 2018లో మొదలైన రైతుబీమాకు చావు కారణం నిరూపించే పని లేదు గానీ, పాస్‌పుస్తకంలో పేరుండాలి. పూర్తిగా కౌలు మీద బతికేవాళ్లకు ఆ దారీ లేదు.

ఇక ఆ ఎకరంన్నర. పెదనాన్న పూనుకుని విరాసత్ తమ్ముడి పేర చేయించబోయాడు. పిల్లను మిర్చి ఏరడానికి పంపి, ఆ కూలి మిత్తికి కట్టించారు. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. తండ్రి అప్పుకు వారసుల బాధ్యత సంక్రమించిన ఆస్తి మేరకే. ఈ రెండో సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలా ఊళ్లలో మన కార్యకర్తలకే తెలియదు! అందుకే భూమి కొడుక్కీ, బాకీ కూతురికీ పంపకం ఇంత సులువుగా జరిగిపోతోంది. పెళ్లి చేసేస్తే ఒక నోరు తగ్గుతుందనే లెక్క ఎటూ ఉండనే ఉంది.

పరామర్శకు వెళ్లినప్పుడు మనం తల్లి పక్కన కూర్చుంటాం. కూతురు మంచినీళ్లిచ్చి లోపలికి పోతుంది. ఆమెను పిలిచి, వీలైతే విడిగా, అడగండి. పరీక్ష ఫీజు కట్టారా? సంబంధాలేమైనా చూస్తున్నారా? విరాసత్ దరఖాస్తులో నీ పేరుందా? రాత్రిళ్లు నిద్ర పడుతోందా?