స్థలము కొనుటకు ముందు
(నరసన్నపేట వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మనవారిలో ననేకులు విశాఖపట్టణమునను, హైదరాబాదునను, సముద్రముల కావలి దేశములందును కష్టించి కూడబెట్టిన ధనముతో స్వస్థలమున నాలుగు సెంట్ల భూమి కొనుచున్నారు. ఆ భూమియే బిడ్డ పెండ్లికి ఆధారము; ముదిమికి నీడ. కొనునపుడు అమ్మువాడెవడు, ధర యెంత, దస్తావేజు సరియైనదా యని విచారింతుము. ఆ నేలపై నేమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో విచారించువారు అరుదు. నా మనవి యా ప్రశ్నను గూర్చియే.

దస్తావేజు భూమి యెవరిదో చెప్పును. అది దేనికి వినియోగింపదగునో చెప్పునది మాస్టరు ప్లాను. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రమున ఇల్లు కట్టుటకు అనుమతి లభించినట్లు కాదు. ప్లానునందు నివాసమునకు, వ్యాపారమునకు, పరిశ్రమలకు, సాగునకు వేర్వేరు జోనులుండును. వెడల్పు కాబోవు రోడ్డు గీత మన స్థలముమీదుగనే పోవచ్చును.

ఇది క్రొత్త పద్ధతి గాదు. ఫ్రాంక్‌ఫర్టు నగరము 1891లోను, న్యూయార్కు 1916లోను దీని నవలంబించినవి. మన సీమ మద్రాసు రాజధానిలో నున్నపుడే 1920 సంవత్సరపు 7వ చట్టముగా పట్టణ ప్రణాళికా చట్టము వెలసినది. పొరుగువాని రైసుమిల్లు ఊక మన వంటింట పడకుండుటకే యీ కట్టుబాటు. కావున దీనిని శత్రువుగా నెంచరాదు, ముందుగా తెలిసికొనవలెను.

ఎట్లు తెలిసికొనవలెను? మొదట సర్వే నంబరు వ్రాసికొని, తహసీల్దారు కార్యాలయమున గ్రామ పటమును, ఆ నంబరు కొలతల పటమును చూడుడు. చెరువు గర్భముగాని, వంశధార కాలువ గట్టుగాని అందు చేరినదా? ఆ నంబరు 22-ఎ నిషిద్ధ భూముల జాబితాలో నున్నదా? పిదప మీ గ్రామము శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో నున్నదో లేదో పంచాయతి కార్యదర్శి నడుగుడు. ఉన్నచో ఆ సంస్థ యొద్దనే జోను తెలియును. లేనిచో 2002 నాటి గ్రామ పంచాయతి లేఅవుటు నియమములను విచారింపవలెను. అందు పట్టణ గ్రామ ప్రణాళికా శాఖవారి సాంకేతికానుమతి ముఖ్యము.

“పంచాయతి లేఅవుటే గదా” యను దళారి మాట చాలదు. అనుమతి సంఖ్యను అడుగుడు. లేఅవుటులో పదవవంతు స్థలము సామాన్యోపయోగమునకు విడిచిరా యని చూడుడు. 500 చదరపు మీటర్లకును, 8 ప్లాట్లకును మించిన లేఅవుటు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. 16వ జాతీయ రహదారి చెంత భూమికి రహదారివారి నియమములు వేరుగ నుండును. సాగుభూమిని ఇంటి స్థలముగ మార్చు నిబంధనలు 2006 తరువాత పలుమారులు మారినవి. పాత కాగితమును నమ్మి సొమ్మియ్యరాదు.

నోటిమాట సాక్ష్యము గాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి వ్రాతమూలకముగ నడుగుడు. దరఖాస్తునకు గ్రామస్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సామాన్యముగ 30 దినములలో ప్రత్యుత్తర మీయవలెను. ముప్పది దినములు ఆగలేక జీవితకాలపు సంపాదనను పోగొట్టుకొనుట వివేకమా?

కడపటి మాట. ప్లాను ముసాయిదా ప్రకటించునపుడు ప్రజల ఆక్షేపణలను కోరుదురు. ఆ గడువు దాటిన వెనుక గీత మార్పించుట మిక్కిలి కష్టము. ఒంటరి వితంతువు, పరదేశమందున్న కూలి ఆ ప్రకటనను చూడజాలరు. సంఘము చూడగలదు. అట్టి ప్లాను ప్రతిని తెప్పించి సంఘ కార్యాలయమున నుంచి, పటము చదువ నేర్చిన యిద్దరు యువకులను వారమున కొక దినము అచ్చట కూర్చుండజేయవలెనని ప్రార్థించుచున్నాను. ఈ సహాయము ఏ కులమువాడు వచ్చి యడిగినను చేయవలెను. గీత అందరి యిండ్ల మీదుగను పోవును గదా!