ముందు చక్రపు చప్పుడు
(సంఘము మాసిక సమావేశమున హోసూరులో చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారి మాటాడ నిలిచిన, ధరవరలను గూర్చియో పన్నులను గూర్చియో చెప్పునని మీరు తలచియుందురు. నేడు మేము బండి చక్రమును గూర్చి మాటాడెదము. మన హోసూరు మోటారు బండ్లు తయారగు ఊరు. బండి లేకుండ సాగు వర్తకము మనలో అరుదు. అయినను బండి చప్పుడు చేసినప్పుడు ఏమి అడుగవలెనో మనలో పలువురకు తెలియదు. మాకును తెలియకుండెను. అందువలన రాబోయిన కీడు ఎట్టిదో, అది యెట్లు తప్పినదో చెప్పుటయే మా యుద్దేశము.

2023వ సంవత్సరము వానకాలమున మా సరకుబండి నడుపు అబ్బాయి ఒకనాటి సాయంకాలము తాళపుచెవి ఇచ్చుచు, “అన్నా, ముందర ఎడమ చక్రంలో టకటకమని సద్దు వస్తాంది” అనెను. “పాత బండి గదప్పా, రోడ్డు అట్లుంది” అంటిమేగాని లెక్కపుస్తకమునుండి తల యెత్తలేదు. వారము గడచిన పిమ్మట అతడు మరల చెప్పెను. మేము మరల ఆ మాటయే అంటిమి. మూడవసారి చెప్పినప్పుడు బండిని ఒక షెడ్డునకు పంపితిమి. అచ్చట చక్రము నెత్తి చూచినవారు లేరు, బండిని నడిపి చూచినవారును లేరు. షాకబ్జార్బర్లు పోయినవని రెండింటిని మార్చిరి. లింకు రాడ్లను గూడ మార్చిరి. అడిగినంత సొమ్ము చెల్లించితిమి. మరునాడు బండి బస్టాండు చేరకముందే అదే టకటక.

అప్పుడు వేరొక షెడ్డులో నున్న వయసు మీరిన మెకానిక్కు కడకు మేమే స్వయముగా పోతిమి. ఆయన స్పానరు ముట్టలేదు. మమ్ము విడిచి అబ్బాయిని దగ్గరకు పిలిచి, తమిళమున మూడు ప్రశ్నలు వేసెను. ఈ చప్పుడు ఎప్పుడు వచ్చును? ఏ దారిలో హెచ్చును? ఏమి చేసిన ఆగును? అబ్బాయి తడుముకొనలేదు. మెల్లగా పోవునప్పుడు వినవచ్చుననియు, గతుకులలో హెచ్చుననియు, బ్రేకు కొంచెము తొక్కిన వెంటనే ఆగిపోవుననియు చెప్పెను. మూడు వారములుగా అతనికి తెలిసిన సంగతియే అది. అడిగినవారు లేరు.

చక్రము విప్పగా కారణము కంటబడినది. డిస్కును ఇరుప్రక్కల పట్టు బ్రేకు ప్యాడ్లను క్యాలిపరు అను ఇనుప దిమ్మ నొక్కును. అది రెండు బోల్టులపై నిలిచియుండును. వానిలో క్రింది బోల్టు వదులై, రెండు మూడు మరచుట్ల పట్టున మాత్రము వ్రేలాడుచుండెను. కొన్ని వారములకు ముందు ప్యాడ్లు మార్చిననాడు దానిని తగినంత బిగింపలేదు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు డిస్కును అదిమి పట్టును గనుక వదులైన దిమ్మ కదలదు, చప్పుడు ఆగును. కాలు తీసిన మరల ఆడును. ఆ బోల్టు పూర్తిగా ఊడిన యెడల దిమ్మ ప్రక్కకు తిరిగి చక్రపు లోపలి అంచును కొట్టవచ్చును, బ్రేకు గొట్టము తెగవచ్చును. మరునాడు ఆ బండి సగ్గుబియ్యమునకై సేలము పోవలసియుండెను. ధర్మపురి దాటిన పిమ్మట 44వ నంబరు జాతీయ రహదారిపై తొప్పూరు కనుమ దిగవలెను. ఆ వాలు ఎట్టిదో ఆ దారిన పోవు మీకు మేము చెప్పనక్కరలేదు.

నాటినుండి మేము నేర్చుకొనినదానిని క్రమముగ మనవి చేయుచున్నాము.

మొదట చూడవలసినవి చక్రపు నట్లు. పంక్చరైన చక్రమును మార్చిన కొలది దినములలో చప్పుడు మొదలైన యెడల, బండిని అచ్చటనే నిలిపి నట్లు చూడవలెను. బిగించునప్పుడు వరుసగా గాక ఎదురెదురుగా నున్నవానిని బిగింపవలెను. చక్రము విప్పి బిగించిన పిమ్మట 50 మొదలు 100 కిలోమీటర్ల లోపల మరియొకసారి సరిచూచుట మేలు. నట్లు బాగున్న యెడల చక్రపు మూత ఊగుచున్నదేమో, టైరు గాడిలో రాయి చిక్కినదేమో చూడుడు. ఇంతవరకు ఖర్చు లేదు.

తరువాత చెవి పని. మన తెలుగున చప్పుళ్లకు పేర్ల కొరత లేదు. లొడలొడ వేరు, టకటక వేరు, గరగర వేరు, హోరు వేరు. చిన్న గతుకులలో లొడలొడమని, బ్రేకు తొక్కినను ఆగనిచో లింకు రాడ్లు, రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు చూడవలెను. ముందు చక్రములను ఇంజను త్రిప్పు కార్లలో, స్టీరింగు పూర్తిగా మళ్లించి మెల్లగా పోవునప్పుడు టక్కుటక్కుమన్న ఇరుసు చివరి జాయింటును అనుమానింపవలెను. దాని రబ్బరు తొడుగు చినిగి గ్రీజు చిమ్మియున్న అనుమానము బలపడును. గరగరమని రాపిడి వినబడిన డిస్కునకును దాని వెనుక రేకునకును నడుమ రాయి చేరియుండవచ్చును, లేక ప్యాడ్లు అరిగి ఇనుము ఇనుమును రాయుచుండవచ్చును. ప్యాడు మందము 3 మిల్లీమీటర్లకు దిగిన మార్పింపవలెను. వేగముతోపాటు హెచ్చు హోరైన బేరింగు మాట. బండి కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రముపై పడును. అప్పుడు హోరు హెచ్చిన ఎడమ బేరింగును ముందుగా చూడవలెను.

పిదప చేతి పని. బండిని సమతలమున నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, ముందు చక్రమును జాకీతో ఎత్తి, క్రింద స్టాండు నిలుపవలెను. జాకీని మాత్రము నమ్మి బండి క్రిందికి ఎవరును పోరాదు. ఇప్పుడు చక్రమును పైనను క్రిందను పట్టుకొని ఊపుడు. ఆడినయెడల మరియొకరిచే బ్రేకు తొక్కించి మరల ఊపుడు. బ్రేకు తొక్కగా ఆట పోయిన బేరింగు వదులు, పోకున్న బాల్ జాయింటు వదులు అని తెలిసికొనవచ్చును. ఇరుప్రక్కల పట్టి ఊపినప్పుడు మాత్రమే ఆడిన టై రాడ్ చివర అరిగినదని అనుమానింపవలెను. చక్రమును చేతితో త్రిప్పుచు స్ప్రింగుపై వ్రేళ్లుంచిన, చెడిన బేరింగు గరుకు వ్రేళ్లకు తెలియును.

ఇవి చేసినంతమాత్రమున మనము మెకానిక్కులము కాము. నట్టు, బేరింగు, బాల్ జాయింటు, బ్రేకు, స్టీరింగు, వీనిలో దేనిమీద అనుమానము కలిగినను బండిని సరకుతో పంపరాదు. దీనివలన కలుగు లాభ మేమనగా, షెడ్డునకు పోయినప్పుడు “ఏదో సద్దు వస్తాంది, చూడప్పా” అని గాక, ఎప్పుడు వచ్చును, ఏ దారిలో హెచ్చును, ఏమి చేసిన ఆగును అని చెప్పగలుగుదుము. ఈ మూడు చెప్పినవానికి అక్కరలేని సామాను అంటగట్టుట కష్టము.

మా షాకబ్జార్బర్లు ఇంకను కొంతకాలము పనికివచ్చియుండును. ఆ సొమ్ము పోయినందుకు మాకు చింత లేదు. మూడుసార్లు చెప్పిన అబ్బాయి మాట మేము వినలేదు. ఆ బండిలో కూర్చుండి కనుమ దిగవలసినవాడు అతడు, మేము కాము. ఈ సంగతి ఆనాటి రాత్రి మాకు నిద్ర పట్టనీయలేదు. మరునాడు దుకాణములో అందరి యెదుట, తప్పు మాదేయని అతనితో చెప్పితిమి.

ఇప్పుడు మా బండిలో ఒక చిన్న పుస్తకము వ్రేలాడుచుండును. ఏ చప్పుడు విన్నను అబ్బాయి ఆ దినము తేదీ వేసి అందులో వ్రాయును. వ్రాత రానిచో నోట చెప్పినను చాలును. ప్రతి సాయంకాలము మేము దానిని చూచి సంతకము చేయుదుము. గుర్తు చెప్పుట నడుపువాని పని, కారణము కనుగొనుట మెకానిక్కు పని, వినుట యజమాని పని. మూడవ పనికి ఖర్చు లేదు గనుకనే కాబోలు మనము దానిని మరచుచున్నాము.

సభ ముగిసిన పిమ్మట బయట నిలిపిన మా బండి ముందు చక్రము నెత్తి, పైన చెప్పిన పరీక్షలన్నియు ఆ అబ్బాయి చేసి చూపును. మీ బండ్లు నడుపువారిని గూడ పిలుచుకొని రండు. సెలవు.